ముడులు వేసి కుట్టిన గౌను

అధికమాసం వచ్చిందంటే జొంగ్‌సొన్ కొండల కింద ముసలివాళ్లున్న ప్రతి ఇంట్లోనూ చావుబట్టలు కుట్టించే హడావిడి మొదలవుతుంది. ఆ నెల దేవుళ్లు మన వంక చూడరట, ఏం చేసినా దోషం అంటదట. పైగా ముందే కుట్టించి పెట్టుకున్నవాళ్లు నూరేళ్లు బతుకుతారట. ఆ బట్టలు కుట్టడంలో ఓక్‌దాన్‌ది అందెవేసిన చెయ్యి. నలభై ఏళ్లుగా చుట్టుపక్కల మూడు ఊళ్లలో ఎవరు పోయినా ఆవిడ కుట్టిన బట్టల్లోనే పోయారు. దారానికి ముడి వెయ్యకూడదు, వేసిన కుట్టు మీద వెనక్కి రాకూడదు, పొద్దు గూకేలోగా పని ముగించాలి. ముడి ఉంటే పోయే ప్రాణం ఇంటిని పట్టుకుని వేలాడుతుందని భయం.

ఈసారి వంతు ఆవిడదే.

అరవై రెండేళ్లావిడకి. మొన్న వసంతంలో న్యుమోనియా వచ్చి ఇరవై రోజులు పరుపు దిగలేదు. తరవాత లేచింది. లేచిన సంగతే ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు. పాతికేళ్లు సంతలో పెసరట్లు పోసిన పెనాన్ని వంటింటి వెనక బోర్లించేశారు. చలికాలం మొదటి సంతలో కూర్చోకపోతే ఆ చోటు ఇంకొకరి పాలవుతుంది. ఆ సంతకి ఇంకా ఐదు రోజులే ఉంది. "నా కోడలు కూర్చుంటుందిలే" అని ఓక్‌దాన్ బావగారు, మొగుడి అన్న, అప్పుడే నిర్ణయించేశారు కూడా.

"బయట ఆ చలికి ఈసారి దక్కవు అత్తయ్యా" అంది ఓక్‌దాన్ సొంత కోడలు మీజా, తెల్లటి పట్టు తాను ముందు పెడుతూ. "ఇది కుట్టుకో. ఆయుష్షు పెరుగుతుంది."

పిల్ల మనసు మంచిదే. అదే ఓక్‌దాన్‌కి మరీ ఒళ్లు మండించింది. తిట్టడానికి కూడా వీల్లేకుండా ప్రేమగా పాతిపెడుతున్నారు.

సాయానికి పక్కింటి గప్‌సూన్ వచ్చింది. ఓక్‌దాన్ కంటే రెండేళ్లు పెద్దది, నోరు మాత్రం ఇరవయ్యేళ్ల దానిది. ఓక్‌దాన్ కత్తెర ఆడిస్తుంటే కాసేపు చూసి కనుబొమలు ముడిచింది.

"ఏమే, చేతులు ఇంత పొట్టిగా కత్తిరించావేం? వేళ్లు దాటి జానెడు వేలాడాలిగా. నలభై ఏళ్ల పనితనం ఏ గంగలో కలిసింది?"

"వేలాడితే పిండిలో పడతాయి అక్కా."

"ఏ పిండిలో?"

"పెసరపిండిలో."

మీజా చేతిలోని సూది ఆగిపోయింది. ఓక్‌దాన్ లేచి, బీరువా అడుగునుంచి ముదురు నీలం నూలుబట్ట తీసింది. పోయిన మొగుడి పరుపు విప్పి ఎండబెట్టిన దూది ఇంకో మూటలో ఉంది. పట్టు ఒకవైపు, నూలు ఇంకోవైపు, నడుమ దూది. పిక్కల దాకా గౌను. ఎటు తిప్పి తొడుక్కున్నా లోపలి కుట్టు కనబడదు. పెనం ముందు నూనె పడేటప్పుడు నీలంవైపు, ఇంటికొచ్చేటప్పుడు తిరగేసుకుని తెల్లవైపు. ఎన్నాళ్లుగా లెక్క వేసుకుందో ఏమో, అన్నీ కొలతలతో సహా చెప్పింది.

"అత్తయ్యా, అది నీ చావుబట్ట!"

"చచ్చాక నాకు వెచ్చదనం ఎందుకే? ఇప్పుడు కావాలి. చలికి తట్టుకోలేనన్నావుగా, ఇదిగో, తట్టుకునేదే కుడుతున్నా. కుట్టు, లేదా అవతలికి జరుగు."

మీజా కళ్లనీళ్లు పెట్టుకుంది. కాసేపటికి ఏడుస్తూనే దూది పరచడం మొదలుపెట్టింది. గప్‌సూన్ మాత్రం నవ్వుతూనే సూది గుచ్చింది. గుచ్చి లాగితే దారమంతా జర్రున ఇవతలికొచ్చేసింది.

"ముడి వెయ్యి అక్కా."

"చేతికి అలవాటు తప్పిందే!"

"నేను బతికే ఉన్నా. గట్టిగా వెయ్యి."

ఆ తరవాత ఒక్క దారం ముడి లేకుండా సాగలేదు. దూది జారకుండా నూలుబట్టకి వేలెడు దూరానికో వరస, వరస చివర ముడి. బట్టను తిరగెయ్యడానికి అంచులో జానెడు సందు వదిలారు. గౌనంతా ఆ సందులోంచి బయటికి లాగి, ఇక దాన్ని మూసెయ్యడమే తరువాయి అనగా బావగారు వచ్చారు.

సంగతి విని ఆయన గౌను చేతిలోకి లాక్కున్నారు. "చావుబట్ట తొడుక్కుని సంతలో నిలబడతావా? ఊళ్లో నేను తలెత్తుకోవాలా వద్దా?"

"ఎత్తుకోండి బావగారూ, మిమ్మల్నెవరు వద్దన్నారు? నన్ను మాత్రం అప్పుడే గోతిలోకి దించకండి."

ఆయన గౌను అటూ ఇటూ తిప్పి చూశారు. చివరికి పెద్దమనిషి తరహాలో తీర్పు చెప్పారు: "సరే, ఈ చలికాలానికి వెళ్లు. పట్టు మాత్రం ఎప్పుడూ లోపలివైపే ఉండాలి, మచ్చ పడకూడదు. ఆ సందుకి ముడి లేకుండా కుట్టు. రేపు సమయం వచ్చినప్పుడు విప్పడానికి తేలిగ్గా ఉంటుంది."

"అది బాగుంది" అంది మీజా.

ఓక్‌దాన్ సందు మూసింది. ఆయన చూస్తుండగానే ఒకటి, రెండు, మూడు ముడులు వేసి, దారం పళ్లతో కొరికింది. బావగారు చెప్పుల్లో కాళ్లు పెట్టుకున్నారు.

సంతరోజు పొద్దున్నే మంచు పడింది. పెనం కింద బొగ్గులు రాజుకున్నాయి. పందికొవ్వు ముక్కతో పెనం రుద్దుతున్న ఓక్‌దాన్‌ని చూసి, అట్టు తినడానికొచ్చిన బావగారు బిగుసుకుపోయారు. పట్టు పైకే ఉంది. ఆ తెల్లటి మంచులో ఇంకా తెల్లగా మెరుస్తోంది. సంత చివరి కొట్టు దాకా జనం చూస్తున్నారు.

"తిరగేసి తొడుక్కున్నావు" అన్నారాయన గొంతు తగ్గించి.

"చూసే తొడుక్కున్నా."

"కొవ్వు చిందుతుంది. పట్టుకి పడితే పోదు."

"పోదని నాకూ తెలుసు."

పిండి పోసింది. పెనం చుర్రుమంది. ఒక చుక్క ఎగిరి గుండెల దగ్గర పడింది, ఇంకోటి ముంజేతి మీద. పట్టు మీద మరకలు పసుపుపచ్చగా పాకుతుంటే బావగారు తన ఒంటి మీదే పడ్డట్టు ఉలిక్కిపడ్డారు.

"ఇక ఇది ఆ పనికి పనికిరాదు బావగారూ. మరకలబట్టతో నన్ను పంపరుగా. మీరు మళ్లీ అధికమాసం కోసం కాచుకోవలసిందే."

మీజా తడిగుడ్డ పట్టుకుని తుడవబోయింది. ముందుకు చాచిన చెయ్యి మధ్యలోనే ఆగింది. అత్త మొహంలోకి ఒకసారి చూసి, గుడ్డ పక్కన పడేసి, పిండిగిన్నెని ఆవిడ దగ్గరకు జరిపింది.

"చూస్తారేం, కూర్చోండి" అంది ఓక్‌దాన్, అట్టు తిరగేస్తూ. "మొదటి అట్టు మీదే."