తొమ్మిది పేర్లు

"మళ్లీ చెప్పు" అన్నాడు పై వీధి పెద్ద హనుమంతరాయుడు.

తిప్పమ్మ గొంతు ఎండిపోయింది. పొద్దుటినుంచీ అదే పని. మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు ఊళ్లోకి వస్తాడు. కొడుకు చెన్నప్పను చంపినవాళ్ల పేర్లు తొమ్మిదీ ఆయన ముందు తడబడకుండా చెప్పాలి. శవపరీక్షకు తీసుకుపోయిన కొడుకు ఇంకా ఇంటికి రానేలేదు.

చంపింది ఒక్కడే. కింద వీధి సుంకన్న గొర్రెలు చెన్నప్ప వేరుశనగ చేలో పడ్డాయని నిన్న మాటా మాటా పెరిగింది. సుంకన్న గొడ్డలి ఎత్తాడు. మిగతా ఎనిమిదిమందీ హనుమంతరాయుడికి గిట్టనివాళ్లు.

"సుంకన్న, ఓబుళేసు, అంజినప్ప..." తిప్పమ్మ ఆగిపోయింది. "అంజినప్ప ఏం చేసినాడప్పా? నా కొడుకు పడిపోతే పరిగెత్తుకొచ్చి నోట్లో నీళ్లు పోసినోడు వాడే గదా."

"వాడూ ఆ వీధోడే గదా! పన్నెండేండ్ల కింద చెప్పలేదా నువ్వు? ఇప్పుడేమొచ్చింది?"

ఆ సంగతే నిన్నటినుంచి ఆమెను ఒకచోట కుదురుగా ఉండనివ్వడం లేదు. పన్నెండేళ్ల కింద తన మొగుణ్ణి కింద వీధివాళ్లు చంపినప్పుడు ఇదే ఇంట్లో ఈయనే ఐదు పేర్లు నేర్పాడు. ఆమె చూసింది ఇద్దరినే. ఆ ఐదుగురిలో ముత్యాలప్ప ఆ రోజు కంబదూరులో పెళ్లిలో ఉన్నాడని తెలిసి కూడా కోర్టులో వేలెత్తి చూపించింది. అతను బళ్లారి జైల్లోనే పోయాడు. భార్య హనుమక్క ఎనిమిదణాల కూలికి పోయి ఒక్క కొడుకును సాకింది. ఆ కొడుకే సుంకన్న.

తిప్పమ్మ లేచి నిలబడింది.

"చెప్పను."

చిన్నకొడుకు ఓబన్న ఉలిక్కిపడ్డాడు. "ఏందిమా? అన్న సచ్చింది ఊరికే పోవాల్నా?"

"సుంకన్న కొట్టినాడని చెప్తా. వాడొక్కని పేరే చెప్తా. ఆ పొద్దు నేనాడిన అబద్ధమే మీ యన్నను తినింది రా. ఇంగ ఎనిమిది ఇండ్లల్లో పిల్లోళ్లు పెరిగి రేపు నీ మీదికొస్తారు. నిన్ను గూడా మట్టిలో పెట్టే శక్తి నాకు ల్యాదు."

"ఈ ఊళ్లో బతకాలని ల్యాదా నీకు?" అన్నాడు హనుమంతరాయుడు నెమ్మదిగా.

కింద వీధి మీదికి పోవడానికి ఓబన్న చూరులోని కొడవలి లాగాడు. చెన్నప్ప భార్య ఓబులమ్మ అంతదాకా మూలన పడి ఉంది. లేచి వచ్చి గడపకు అడ్డంగా నిలబడింది. "ముందు నన్ను దాటు, మరిదీ" అంది.

చావు జరిగిన ఇంటి ఆడది వీధిలోకి రాకూడదు. తిప్పమ్మ వచ్చింది. పన్నెండేళ్ల తర్వాత కింద వీధిలో అడుగు పెట్టింది. తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. సుంకన్నను పోలీసులు నిన్ననే పట్టుకుపోయారు. హనుమక్క వాకిట్లో ఒంటరిగా కూర్చుని ఉంది.

"హనుమక్కా, నీ కొడుకును నేను ఇడిపించలేను. చూసింది చెప్తా. నీ మొగుడు మాత్రం ఆ పొద్దు ఊర్లోనే ల్యాడు. తెలిసే చెప్పినా. ఈ పొద్దు అందరి ముందరా ఆ మాట గూడా చెప్తా."

హనుమక్క లేచి నిలబడింది.

"ఈ మాటకు పన్నెండేండ్లు పట్టిందా నీకు?"

ఊరి బయట జీపు దుమ్ము లేచింది. ఆమె చావడివైపు నడిచింది. నాలుగడుగులు వేసేసరికి వెనక ఇంకొకరి అడుగులు వినిపించాయి. తిరిగి చూసింది. హనుమక్క వస్తోంది. ఆమె కుడిచేతిలో గుప్పెడంత రాయి ఉంది. "అందరి ముందరా చెప్తావో ల్యాదో నేనే ఇంటా, నడువు" అంది.

తిప్పమ్మ ఆగలేదు. హనుమక్కా ఆగలేదు, రాయీ కింద పడేయలేదు.