పైపులో నిమ్మకాయ

దేశమంతా మౌసు పట్టుకుంటున్న రెండు వేల సంవత్సరంలో శ్రీకాకుళం కొండలరావు మాత్రం సింగపూర్‌లోని జురాంగ్ యార్డులో వెల్డింగ్ టార్చి పట్టుకుని ఉన్నాడు. పొరుగు దేశపు ఒడ్డున గ్యాసును ద్రవంగా మార్చి ఓడలకెక్కించే ప్లాంటు కడుతున్నారు. దానికి గ్యాసు మోసే పైపులను అతికేది ఈ యార్డులోనే.

అతికాక పైపు నిండా నీళ్లు నింపి ఒత్తిడి పెంచుతారు. గేజీ ముల్లు దిగితే పైపు కారుతున్నట్టు. కొండలరావు ముఠా పైపు రెండుసార్లు కారింది. మూడోసారి కారితే ఇంటికే. ఇంటికి పోవడానికి భయం లేదుగానీ, బావమరిది అమీర్‌పేటలో అతని కోసం జావా క్లాసుకు సీటు పట్టి కూర్చున్నాడు. నలభై దాటాక కుర్రాళ్ల పక్కన బెంచీ మీద కూర్చోవడం కంటే చావు నయమనుకున్నాడు కొండలరావు.

అందుకే మూడో టెస్టుకు ముందు ఎవరూ చూడకుండా నిమ్మకాయ కోసి, కుంకుమ అద్ది, నూకాలమ్మ తల్లిని తలుచుకుని అందులో ఒక చెక్కను పైపులో పడేశాడు.

ముల్లు దిగలేదు. దొరలు చప్పట్లు కొట్టి మకాన్‌కు, అంటే భోజనానికి, పోయారు. కొండలరావు తల్లికి దండం పెట్టుకుని నీళ్లు వదిలేశాడు. పైపు ఖాళీ అయింది. ముల్లు మాత్రం అక్కడే ఉంది.

గేజీ విప్పి చూశాడు. నిమ్మచెక్క గేజీ గొట్టానికి అడ్డం పడింది. ఇక పైపు కారిందో లేదో ఆ తల్లికే తెలియాలి. నోరు మూసుకుంటే ఉద్యోగం నిలుస్తుంది. కానీ రేపు ఆ పైపు పక్కన నిలబడి పనిచేసేది తనలాంటివాళ్లే. అలా నిలబెట్టుకున్న కూడు గొంతు దిగదనిపించింది.

సేఫ్టీ చూసే కమల్ దగ్గరికి వెళ్లాడు. తాతల నాడే ఇక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబంలోని కుర్రాడు.

"బాబూ, పైపులో నిమ్మకాయ ఏసినాను. మల్లీ టెస్టెట్టు."

"వాట్ లా అంకుల్! గ్యాస్ పైపులో నిమ్మకాయా? మీరు చెప్పకపోతే నోబడీ నోస్!"

"నాకు తెల్సు గదా."

మళ్లీ పెట్టారు. ఈసారి నిమ్మకాయ లేకపోయినా ముల్లు వెంట్రుకవాసి కూడా దిగలేదు. అతుకులు భేషుగ్గా ఉన్నాయి. అయినా పైపులో చెత్త వేసినందుకు కొండలరావును ఇంటికి పంపేశారు. ఉద్యోగం పోయినందుకన్నా అమ్మవారి నిమ్మకాయను చెత్త అన్నందుకే అతనికి ఎక్కువ మండింది.

అమీర్‌పేటలో మొదటి రోజు క్లాసుకు కొత్త కంప్యూటరు వచ్చింది. పెద్ద చదువులు చదివిన మాస్టారు దాని ముందు కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయ కోసి, కుంకుమ అద్ది, మూత తీసి ఉన్న సీపీయూ డబ్బా అంచున పెట్టబోయారు.

కొండలరావు బెంచీ మీంచి లేచాడు.

"సారూ, అది లోపల పడకుండా సూసుకోండి. ఆ కోర్సు నాను సింగపూర్లోనే పూర్తి సేసీసినాను."