కోనపూలు

ఆదిలక్ష్మమ్మ చేత్తో నాటిందేదీ ఆమె కళ్ళముందు పూయలేదు. భర్త రంగనాయకులు రైలు కంపెనీలో స్టేషన్ మాస్టరు. బేతంచెర్లలో మల్లె అంటు పెడితే మొగ్గ తొడిగేలోగా బదిలీ. దిగువమెట్టలో దొండపాదు పందిరెక్కకముందే బదిలీ. దొనకొండ వచ్చాక కూడా చాలాకాలం ఆమె పెట్టెల తాళ్ళు పూర్తిగా విప్పలేదు.

ఒక వానరోజు బండి ఆలస్యమై, మిషను ఆసుపత్రి దొరసాని ఒకామె వాళ్ళ క్వార్టర్సు వసారాలో కూర్చుంది. మజ్జిగ ఇచ్చినందుకు సంతోషపడి సంచిలోంచి విత్తనాల పొట్లం తీసి ఇచ్చింది. తమ దేశపు పూలట. పేరు కోన్‌ఫ్లవర్.

"మొదటి ఏడు ఆకులే వచ్చును. రెండో ఏడు పూలు. నీళ్ళు ఎక్కువ వద్దు. తొందర వద్దు" అని వచ్చీరాని తెలుగులో చెప్పి వెళ్ళింది. పాలు పోసే పోలమ్మ నోట్లో ఆ పేరు కోనపూలైంది.

దొరసాని చెప్పినట్టే విత్తనాలను తడి ఇసుకలో కలిపి, నీళ్ళకుండ పక్కన చల్లటి చోట కొన్నాళ్ళుంచి, మార్గశిరంలో పెరట్లో చల్లింది ఆదిలక్ష్మమ్మ. ఇక ఆమెకు నిలకడ లేకుండా పోయింది. లేస్తూనే పెరట్లోకి పోయి పుల్లతో మన్ను గెలికేది.

"ఏంది లచ్చుమమ్మా, గింజకు ఊపిరాడనీయవా?" అనేది పోలమ్మ.

"మొలిచినాయో లేదో చూస్తాండా అత్తా."

"నువ్వట్ల గెలికితే యాడ మొలుస్తాయి?"

నాలుగైదు మొలిచాయి. ఏడాదంతా నేలనంటుకున్న గరుకు ఆకులే. ఎండాకాలంలో ఆ ఆకులు వడలేసరికి ఆగలేక బిందెలకు బిందెలు కుమ్మరించింది. రెండు మొక్కలు వేరు కుళ్ళి పోయాయి. మిగిలినవాటి మొదట్లో నీరు నిలవకుండా గులకమన్ను ఎగదోసి, మేకలు రాకుండా చుట్టూ కంప నాటింది. ఇంక చేయాల్సిందేమీ లేదు, ఊరికే ఉండటం తప్ప. అదే ఆమె వల్ల కాలేదు. స్టేషన్లో తంతి టకటకమన్నప్పుడల్లా బదిలీ కబురేమోనని ఉలిక్కిపడేది.

రెండో ఏడు శ్రావణంలో కాడలు లేచాయి. కొసల్లో పచ్చటి మొగ్గలు కనిపించాయి. ఆ వారమే గిద్దలూరుకు బదిలీ అయింది.

"పదిరోజులు ఆగేదానికి కాదా?" అంది భర్తతో.

"పూలు పూయాలని దొరకు చెప్పమంటావా? కొత్త మాస్టరు రేపే దిగుతాండాడు."

"అయితే తవ్వుకోని పోదాం."

"నీ ఇష్టం" అన్నాడు రంగనాయకులు, ఆమె ముఖం చూడలేక.

ఆమె గునపం పట్టుకుని పోయింది. ఒక మొక్క మొదట్లో తవ్వింది. ఎంత తవ్వినా వేరు కిందికే దిగుతోంది. తెగుతుందని భయమేసి మన్ను మళ్ళీ కప్పేసింది.

గిద్దలూరులో ఇల్లు విశాలం, బావినీళ్ళు తియ్యన. అయినా ఆమె పొయ్యి మీద ఎసరు పెట్టి వాకిట్లోకి, వాకిట్లోంచి ప్లాట్‌ఫారం మీదికి తిరిగేది. దొనకొండ మీదుగా వచ్చిన గార్డులందరినీ అడిగేది. "మాస్టరు పెరట్లో పూలేమన్నా కనపడినాయా అన్నా?" ఎవరూ చూడలేదు.

భాద్రపదంలో చెల్లెలి కాన్పుకని వినుకొండ బయలుదేరింది. దొనకొండలో ఇంజను నీళ్ళు పట్టడానికి ఆగగానే, పెట్టెను బండిలోనే వదిలి దిగి పరుగెత్తింది.

క్వార్టర్సు వెనక్కి తిరిగి ఆగిపోయింది. కంప నడుమ మొక్కలు నడుమెత్తు నిలబడి ఉన్నాయి. ఊదా కలిసిన గులాబి రేకులు కిందికి వాలి ఉన్నాయి. మధ్యన నారింజరంగు గుబ్బ, ముళ్ళు ముళ్ళుగా, దానిమీద తేనెటీగలు. వాడిపోయాయేమోనని రేకు పట్టుకు చూసింది. బిగువుగా ఉంది. ఆ పువ్వు తీరే అంత.

వెనక ఇంజను కూత వేసింది. ఆమె కదల్లేదు.

ఇంట్లోంచి కొత్త మాస్టరు వరప్రసాదం భార్య రూతమ్మ వచ్చింది. "ఎవరమ్మా? అయ్యో, మీ బండి పోతాంది!"

"పోనీ. ఇవి నేను పెట్టినవి."

"మీరేనా అక్కా! పిచ్చిమొక్కలని మా ఆయన పీకించబోయినాడు. పోలమ్మ వచ్చి అడ్డం కూచునింది. పూసిందాక లెయ్యను, పాలూ పొయ్యను అనింది. ఇంకేం చేస్తాం, వదిలేసినాం."

ఆదిలక్ష్మమ్మకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. వరప్రసాదం వినుకొండకు తంతి కొట్టి, పెట్టె దించి ఉంచమన్నాడు. రూతమ్మ గడపలో నిలబడి కాసేపు తటపటాయించింది.

"మా ఇంట్లో తింటారా అక్కా?"

"ఆకలేస్తాంది. పెట్టమ్మా."

తిన్నాక ఇద్దరూ పెరట్లో కూర్చున్నారు. రూతమ్మ ఒక పువ్వు కోసివ్వబోతే ఆదిలక్ష్మమ్మ చేయి పట్టుకుంది.

"కొయ్యొద్దు. గుబ్బను కాడమీదే ఎండనీ. గింజలు రాలి మొలుస్తాయి. ఎండలకు ఆకు పోయినా పీకొద్దు, కింద వేరుంటాది."

"మాకూ బదిలీ అయితే?"

"వచ్చినామెకు చెప్పిపో."

సాయంత్రం పాలకుండతో వచ్చిన పోలమ్మ ఆమెను చూసి నవ్వింది. "చూసినావు గదా, ఇంక కుదురుగా ఉండు" అంటూ బండి దాకా వచ్చి ఎక్కించింది.

దారిలో కురిచేడు స్టేషను రాకముందే ఆదిలక్ష్మమ్మకు నిద్రపట్టింది. వినుకొండలో గార్డు తలుపు బాది లేపాల్సి వచ్చింది.