బొట్టు పెట్టించుకున్న రిమోట్

నేను ఒక రిమోట్‌ని. నాలుగు రిమోట్ల పని ఒక్కదాన్నే చేసిపెట్టే రకం. ఎక్కడో దూరదేశపు ఫ్యాక్టరీలో పుట్టాను గానీ, నాకు చదువు వచ్చింది మాత్రం అమలాపురంలో. కొన్నవాళ్ళు ఏది నేర్పితే అదే మా చదువు.

నన్ను ఎంచుకున్నది సత్యవేణిగారు. ఆవిడ భర్త ప్రకాశంగారు ముందుగదిలో హోం థియేటర్ పెట్టించారు. టీవీకి ఒక రిమోట్, సెట్‌టాప్ బాక్సుకి ఒకటి, ఆంప్లిఫయరుకి ఒకటి, డిస్కు ప్లేయరుకి ఒకటి. ఏది ముందు నొక్కాలో ఏది తర్వాతో ఆయనకే తెలుసు. వరస తప్పితే బొమ్మ వచ్చి మాట రాదు, లేదా మాట వచ్చి బొమ్మ రాదు. ఆయన ఇంట్లో లేనప్పుడు అత్తాకోడళ్ళిద్దరూ నల్లటి తెర ముందు కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకునేవారట. మూడేళ్ళు అలా గడిపాక సత్యవేణిగారు పట్టుబట్టారు: ఈ శ్రీరామనవమికి భద్రాచలం కల్యాణం తన చేత్తో తానే పెట్టి అత్తగారికి చూపించాలి. అత్తగారు చిట్టెమ్మగారికి మోకాళ్ళ నొప్పులు, వీధి చివరి పందిరి దాకా కూడా నడవలేరు.

నవమికి రెండు రోజుల ముందు దుకాణం బల్ల మీద ముగ్గురం వరసగా కూర్చున్నాం. ఒకదానిది అద్దం మొహం, వేలితో తాకితే చాలు. ఇంకొకదానికి ఒళ్ళంతా బొత్తాలే. ప్రకాశంగారి మనసు అద్దం మీద పడింది.

"ఇది తీసుకుందామే, దర్జాగా ఉంది."

"పిండి చేత్తో తాకితే పనిచేస్తుందా అండీ?" అని ఆవిడ దుకాణదారు గోవిందరాజుని అడిగారు.

"పిండి చేత్తోనా? కష్టమేనండమ్మా."

ఆవిడ కళ్ళజోడు తీసి, కళ్ళు మూసుకుని మమ్మల్ని ఒక్కొక్కరినే తడిమి చూశారు. నా బొత్తాలు కొన్నే, కానీ పెద్దవి. ఒక్కొక్కటి ఒక్కో ఆకారం. పైనున్న గుండ్రటి బొత్తాం దగ్గర ఆవిడ వేలు ఆగింది.

"ఇదొక్కటి నొక్కితే అన్నీ వరసగా వెలిగేలా నేర్పొచ్చా?"

"ఆయ్, నేర్పొచ్చండి. ఇదిగో, ముందు నల్లగా మెరుస్తుంది చూడండి, అదే దీని కన్నండి. అది టీవీ వైపు చూస్తే చాలు."

"పెళ్ళిచూపుల్లో నన్ను కూడా ఇంతసేపు చూళ్ళేదు నువ్వు," అన్నారు ప్రకాశంగారు.

"చూడనిచ్చారా ఎవరైనా?" అంటూ ఆవిడ నన్ను సంచిలో వేసుకున్నారు.

మర్నాడు గోవిందరాజు ఇంటికొచ్చి పాత రిమోట్లను ఒక్కొక్కటిగా నాకు ఎదురుగా, ముక్కుకి ముక్కు చేర్చి పెట్టాడు. అవి తమ విద్యంతా నాకు ఉపదేశించాయి. తర్వాత వాటి బ్యాటరీలు నాకొచ్చాయి, ఆ రిమోట్లు గుడ్డమూటలో అటకెక్కాయి. సాయంత్రం దాకా ఆవిడ పదిసార్లు నొక్కి చూసుకున్నారు. పదిసార్లూ పలికాను.

నవమినాడు పొద్దున్నే నన్ను పూజగదిలో రాముడి పటం ముందు పెట్టారు. ఆ ఇంట్లో కొత్త సైకిలు వచ్చినా, మిక్సీ వచ్చినా బొట్టు పెట్టందే వాడరు. నాకూ ముందు కొసన నిండుగా పసుపు రాసి, మధ్యలో పెద్ద కుంకుమ బొట్టు పెట్టారు. పెళ్ళికొడుకునైనంత సంబరపడ్డాను.

ప్రకాశంగారు పానకం పంచడానికి పందిరికి వెళ్ళారు. పదకొండున్నరకి పక్కింటి నూకరత్నంతో పాటు వీధిలో ఆడవాళ్ళు నలుగురైదుగురు చాప మీద సర్దుకున్నారు. పన్నెండింటికి ముహూర్తం. సత్యవేణిగారు గుండ్రటి బొత్తాం నొక్కారు.

ఏమీ వెలగలేదు. మళ్ళీ నొక్కారు. లోపల నేను అరుస్తూనే ఉన్నాను, ఎవరికీ వినబడలేదు.

"పెళ్ళికొడుకు అలకపాన్పు ఎక్కినట్టున్నాడండి పిన్నిగారూ," అంది నూకరత్నం. అందరూ నవ్వారు. సత్యవేణిగారు నవ్వలేదు.

కబురందుకుని ప్రకాశంగారు వచ్చారు. నన్ను అరచేతికేసి నాలుగు దెబ్బలు కొట్టారు. బ్యాటరీలు తీసి పంటితో కొరికి, మళ్ళీ పెట్టారు. మనుషులకు తెలిసిన వైద్యం అంతే. నేను పలకలేదు.

"చెప్పానా, అద్దందే తీసుకుందామని? ఉండు, పాతవి దింపుతాను," అని స్టూలు తెచ్చి ఎక్కారు.

ఆ మూట కిందికి దిగితే మళ్ళీ పైకి వెళ్ళదని సత్యవేణిగారికి తెలుసు. తను మళ్ళీ చిక్కుడుకాయల ముందుకే. ఆవిడ నన్ను రెండు చేతులా పట్టుకుని మొహంలోకి చూశారు. చూస్తూ చూస్తూ నాలుక కరుచుకున్నారు.

"అయ్యో రామా! బొట్టు దీని కంట్లో పెట్టానండీ!"

పైటకొంగు తడిపి తుడవబోతుంటే చిట్టెమ్మగారు అడ్డం వచ్చారు. "పండగపూట పెట్టిన బొట్టు తుడుస్తావుటే?"

ఆవిడ చెయ్యి ఆగింది. గడియారం పన్నెండుకి అయిదు నిమిషాలు చూపిస్తోంది.

"దేవుడి పేరున పెట్టిన బొట్టు దేవుణ్ణే చూడనివ్వకపోతే ఎలా అత్తయ్యా?"

చిట్టెమ్మగారు ఆలోచించారు. "అయితే ముందు వీపున పెట్టు. తర్వాత కన్ను తుడు."

అలాగే చేశారు. చల్లటి కుంకుమ వీపున తగిలింది, తడికొంగు కంటికి తగిలింది, లోకం కనబడింది. బొత్తాం నొక్కగానే టీవీ, బాక్సు, ఆంప్లిఫయరు వరసగా కళ్ళు తెరిచాయి. సన్నాయి గదంతా నిండింది. సీతమ్మ తలమీద జీలకర్ర బెల్లం పెడుతున్నారు. చిట్టెమ్మగారు చేతులు జోడించి, కళ్ళు తుడుచుకుని, "సౌండు పెంచవే కోడలా," అన్నారు.

కోడలు కళ్ళు తెర మీంచి తిప్పకుండానే, వేలితో తడుముకుని సౌండు పెంచారు. అప్పుడు గుర్తొచ్చింది కాబోలు, వెనక్కి తిరిగి, "ఇంక దిగండి," అన్నారు. ప్రకాశంగారు ఇంకా స్టూలు మీదే ఉన్నారు.

ఏళ్ళు గడిచాయి. నా బొత్తాల మీద గుర్తులు అరిగిపోయాయి. వాటితో ఆవిడకేం పని? ప్రకాశంగారే, "కాస్త క్రికెట్ పెట్టవే," అని అడుగుతూ ఉంటారు. వత్తులు చేయడం అయ్యాక పెడతారు ఆవిడ. ఏదో ఒకనాడు నేనూ పాతసామాన్లవాడి గోతాంలోకి వెళతాను. వాడు నన్ను తిరగేస్తే వీపున ఎన్నో నవముల కుంకుమ పొరలు పొరలుగా కనబడుతుంది. కన్ను మాత్రం అద్దంలా శుభ్రంగా ఉంటుంది.