మంచి జాగ

నోరు పెద్దదే కానీ మనసు మంచిదని నా గురించి నేనే చెప్పుకునేదాన్ని. ఇప్పుడా మాట నోట్లోంచి రావడం లేదు. మా అత్త భాగ్యవ్వ ఎటు పోతుందో తనకే తెలియని మనిషి. అలాంటి మనిషిని ముక్కూ మొహం తెలియని గల్లీలో కావాలని వదిలేసి, గోడ చాటున నిలబడ్డాను. అదీ పట్టపగలు.

ఎందుకో చెప్తాను. చెప్పినంత మాత్రాన తప్పు తగ్గదని నాకూ తెలుసు.

మా ఇల్లు ఆర్మూర్ బయట, జక్రాన్‌పల్లి దిక్కు హైవే పక్కన కొత్త కాలనీలో. మా ఆయన గజేందర్ దుబాయ్‌లో ఏసీ మెకానిక్. గ్రానైట్ వేయించి, పెద్ద గేటు పెట్టించి ఇల్లు కట్టించాడు. అంత ఇంట్లో బీడీలు చుడితే నలుగురూ నవ్వుతారని, పెళ్లికి ముందు నుంచీ బీడీలు చుట్టిన తల్లి ఒళ్లోంచి చాట తీయించాడు. "ఇగ కూసోని తిను అమ్మా" అన్నాడు. తంబాకు వాసన వదిలిందని నేనూ సంబరపడ్డాను. ఆ కూర్చోవడంతోనే ఆమెకు మతి తప్పడం మొదలైంది. పొయ్యి మీద పాలు మరిచిపోయేది, తర్వాత పండగలు మరిచిపోయేది, తర్వాత ఇల్లే మరిచిపోయి బయటికి నడిచేది.

నేను పగలంతా ఆర్మూర్‌లో ఒక బట్టల షాపులో బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఉంటాను. గేటుకు తాళం వేస్తే అరుస్తుంది, తీస్తే వెళ్లిపోతుంది. మా కాలనీలో అందరి గేట్లూ మూసే ఉంటాయి. పక్కింటావిడ పేరు నాకు ఇప్పటికీ తెలియదు. పోయిన నెల అత్తమ్మ హైవే మధ్యకు పోయి నిలబడింది. ఎవరో లారీ డ్రైవర్ బ్రేక్ కొట్టి, దిగి, రోడ్డు పక్క చాయ్ బండివాడిని ఇల్లడిగి, చెయ్యి పట్టుకుని తెచ్చి మా గేటు ముందు కూర్చోబెట్టి పోయాడట. కాలనీలో ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

ఆ సంగతి విని గజేందర్ వీడియో కాల్‌లో గుండె బాదుకున్నాడు. కాసేపటికి, "నిజామాబాద్‌ల ముసలోళ్ల ఆశ్రమం ఉన్నదంట. మంచిగ చూసుకుంటరంట" అన్నాడు.

"ఎవరు చెప్పిండ్రు?"

"మా రూంల ఉండేటోడు."

"వాని అమ్మను ఏస్తడా గా ఆశ్రమంల?" అన్నాను. నాకు ఒళ్లు మండిపోయింది. "నా షాపు పక్కనే పాత బజార్ల కిరాయికి ఇల్లు ఉన్నదంట. గాడికి పోదాం. గంటకోసారి వచ్చి చూసుకుంట."

"పాత బజార్లకా? మోరీలు, కుక్కలు, మూల మీద కల్లు కంపౌండు. అమ్మ గాడ తప్పిపోతే ఎవరు చూస్తరు?" అన్నాడు. మళ్లీ తనే కొంచెం తగ్గాడు. "సరే, పో. మంచిగ చూసి చెప్పు. అమ్మకు సేఫ్ అంటే సేఫ్. కాదంటే మాత్రం ఇగ మాట్లాడకు, ఆశ్రమమే."

అంటే అత్తమ్మ ఎక్కడ ఉండాలో నా ఒక్క మాట మీద ఆగింది. అంత బరువు నా నెత్తిన పెట్టి ఆయన ఫోన్ పెట్టేశాడు.

షాపు సెలవు రోజు అత్తమ్మను తీసుకుని ఆ గల్లీకి పోయాను. పసుపు సీజను. మండీ వెనక దారంతా బస్తాలే. ఇద్దరం తుమ్ముకుంటూ నడిచాం. గల్లీ సన్నగా ఉంది. ఒక పక్క మురుగు పారే మోరీ, నెత్తి మీద వేలాడే కరెంటు వైర్లు. ప్రతి అరుగు మీదా ఒళ్లో చాటలు పెట్టుకున్న ఆడవాళ్లు. ఆకు కత్తిరించేవాళ్లు, తంబాకు పోసి చుట్టేవాళ్లు, దారం కట్టేవాళ్లు. చేతులు ఆడుతూనే ఉన్నాయి, నోళ్లూ ఆడుతూనే ఉన్నాయి.

"ఎవరింటికి పిల్లా?"

"కమలాబాయి ఇంటికి."

"కిరాయికా? ఎంతమంది ఉంటరు? నీ పెనిమిటి ఏం జేస్తడు?"

ఇదేం ఆరా అని చిరాకు పుట్టింది. "ఇల్లు నచ్చితే గప్పుడు చెప్త తియ్" అని విసురుగా అన్నాను. మూల అరుగు మీద కూర్చున్న ఒక పెద్దామె తలెత్తి నన్ను చూసింది, తర్వాత అత్తమ్మను చూసింది. మళ్లీ చాటలోకి తల వంచుకుంది. ఆమె పేరు ముత్తెమ్మ అని నాకు అప్పటికి తెలియదు.

ఇంటి ఓనరు కమలాబాయి గదులు చూపించింది. గదులు బాగానే ఉన్నాయి, నల్లాలో నీళ్లు వస్తాయి. "గల్లీ ఎట్లుంటది? మా అత్తమ్మ జర మరుస్తది" అని అడిగాను. "ఫికర్ లేదమ్మా, అందరు మనోళ్లే" అంది. ఇల్లు కిరాయికి ఇచ్చే మనిషి ఇంకేమంటుంది! కిటికీలోంచి చూస్తే ఆ ఆడవాళ్లందరి తలలూ చాటల్లోనే ఉన్నాయి. ముందు నుంచి ముసలమ్మ నడిచిపోతే వీళ్లకు కనబడుతుందా? కనబడినా ఆపుతారా? మా కాలనీ వాళ్లలాగే తలుపులు వేసుకుంటారా?

అప్పుడు పుట్టింది ఆ పాడు ఆలోచన. చూడాలంటే చూడొచ్చు కదా.

కమలాబాయితో మళ్లీ వస్తానని చెప్పి బయటికి వచ్చాను. గల్లీ మధ్యలో అత్తమ్మ చెయ్యి వదిలేశాను. "నువ్వు నడువు అత్తమ్మా, నేనొస్త" అన్నాను. ఆమె నా మొహంలోకి చూసింది. ముందుకు నడిచింది. నేను వెనక్కి తిరిగి గబగబా పోయి, గల్లీ మొదట్లో పాత గోదాం గోడ చాటున నిలబడ్డాను. ఇదంతా ఆమె మంచికే అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను.

ఆమె మెల్లగా పోతోంది. మొదటి అరుగు దాటింది, రెండోది దాటింది. ఒక్కరూ ఆపలేదు. అంతలో పసుపు బస్తాల ట్రాలీ ఆటో హారన్ కొట్టుకుంటూ గల్లీలోకి దూరి, గోడకూ గోడకూ మధ్య ఇరుక్కున్నట్టు కదిలింది. అది దాటిపోయేసరికి గల్లీలో అత్తమ్మ లేదు.

మొదట కోపం వచ్చింది, చూడండి నా బుద్ధి. ఈ ముసలామెకు కాలు ఒక్కచోట నిలవదు కదా అనుకున్నాను. గల్లీ చివరిదాకా పోయాను. అరుగులు, చాటలు, వంచిన తలలు. అటు రోడ్డు మీద బస్సులు, ఆటోలు. ఎక్కడా లేదు. అప్పుడు భయం పట్టుకుంది.

అడగొచ్చు. పక్కనే అంతమంది ఉన్నారు. నోరు తెరిచి "మా అత్త కనబడ్డదా" అంటే అయిపోయేది. కానీ ఎట్లా తప్పిపోయింది అంటే ఏం చెప్పాలి? నేనే వదిలానని చెప్పాలా? గంట ముందు వాళ్ల మీద విసుక్కున్న నోరు ఇప్పుడు లేవలేదు. కల్లు కంపౌండు లోపలికి తొంగి చూస్తే ఒక ముసలాయన సీసా పక్కన పెట్టి లేచాడు. "ఎవలు గావాలె బిడ్డా?" అన్నాడు.

"ఎవ్వరు లే" అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. మోరీ వెంబడి పరుగెత్తాను, మండీ గేటు దాకా పోయాను. ఫోన్ మోగింది. గజేందర్. కట్ చేశాను. ఇంకో పాపపు పని కూడా అప్పుడే చేశాను. దొరక్కపోతే ఆయనకు ఏం చెప్పాలో నా బుర్ర పరుగెత్తుతూనే అల్లుకుంది. నల్లా చూస్తుంటే అత్తమ్మ తలుపు తీసుకుని పోయిందని, తప్పు కమలాబాయిదని. ఆ అబద్ధం ఎంత నున్నగా వచ్చిందో తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

చివరికి ఏడుపు ఆగక గల్లీలోకి తిరిగొచ్చి, మూల అరుగు ముందు నిలబడ్డాను. "అమ్మా, గీ దిక్కు ఒక ముసలామె... పచ్చ చీర..."

ముత్తెమ్మ కత్తెర పక్కన పెట్టింది. "గిప్పుడు అడుగుతున్నవా? మా ముందల నుంచి ఉరుక్కుంట పోయినవ్, ఉరుక్కుంట వచ్చినవ్. ఎప్పుడు నోరు తెరుస్తవో అని చూస్తున్నం."

"మీరు చూసిండ్రా?"

"గోడ ఎనకకు నువ్వు పోవుడు చూసినం. ఆమె ఎనక్కి తిరిగి నిన్ను చూసుడు గూడ చూసినం. మొన్ననే బస్టాండుల ఎవరో ముసలాయనను ఇడ్సిపెట్టి పోయిండ్రు. నువ్వు గసొంటి దానివా, కాదా? మా గల్లీకి వచ్చేటోళ్లు ఎసొంటోళ్లో మాకు తెల్వాలె గద."

గల్లీ మంచిదో కాదో తేల్చడానికి వచ్చిన నన్ను గల్లీయే తూకం వేస్తోంది. నా మొహం మాడిపోయింది.

"ఏడ ఉన్నది?" అన్నాను.

ముత్తెమ్మ తల పక్కకు తిప్పింది. ఆమె వెనకే, అదే అరుగు మీద, గోడకు ఆనుకుని ఒళ్లో చాటతో మా అత్తమ్మ. ఆమె ముందు నుంచే రెండుసార్లు పరుగెత్తాను. దారి తప్పి తిరిగే ముసలమ్మ కోసం వెతికాను కానీ, పని చేసుకుంటున్న మనిషిని చూడలేదు. ఆకు కోస్తోంది, తంబాకు పోస్తోంది, చుడుతోంది, దారం బిగిస్తోంది. వేళ్లు ఒక్కసారీ తడబడలేదు. ఇంట్లో గ్లాసు పట్టుకుంటే వణికే వేళ్లు అవి.

"ఆటో వస్తుంటే చెయ్యి పట్టి గుంజి కూసోబెట్టిన. వేళ్లు చూస్తే బీడీల మనిషని ఎరకైంది, చాట ఇచ్చిన" అంది ముత్తెమ్మ. "పేరడిగితే చెప్పలే. నీతోటి వచ్చింది ఎవలవ్వా అంటే, ఎవరో నాకు తెల్వదన్నది."

"ఒక్కోసారి నన్ను గూడ మర్చిపోతది" అన్నాను కళ్లు తుడుచుకుంటూ. అరుగు ఎక్కి ఆమె పక్కన కూలబడ్డాను. "అత్తమ్మా, లే. ఇంటికి పోదాం."

ఆమె చుట్టిన బీడీ చాటలో పెట్టి, నా దగ్గరకు వంగి, ఎవరికీ వినబడకుండా చెప్పింది. "నువ్వు పో బిడ్డా. నీకు డ్యూటీ ఉంటది. నీ పేరు చెప్పలే. గజేందర్ పేరు గూడ చెప్పలే. చెప్తే మళ్ల నిన్నే పిలుస్తరు."

"గదేంది అత్తమ్మా?"

"ఇడ్సిపోతానికే తెస్తివి గద. గోడ ఎనక నిలబడితివి. నేను చూడలేదనుకున్నవా?" నా చెంప మీద తంబాకు చెయ్యి పెట్టింది. "ఏడువకు. మంచి జాగనే చూసినవ్. చాట గూడ ఇచ్చిండ్రు."

ఇల్లు మరిచిపోయింది, పండగలు మరిచిపోయింది. కోడలి మీదికి మాట రాకూడదని మాత్రం మరిచిపోలేదు. చేతిలో ఫోన్ మళ్లీ మోగింది, గజేందరే. గల్లీ ఎట్లా ఉందో ఆయనకు తర్వాత చెప్పొచ్చు. లేచి నిలబడి, ఆ అరుగుల మీద ఉన్న అందరికీ వినబడేలా చెప్పాను.

"ఈమె పేరు భాగ్యవ్వ. మా అత్త. నేను ఈమె కోడలిని, నా పేరు వాణి. నేనే ఇడ్సిపెట్టిన, మీరు ఆపుతరా లేదా చూద్దామని. తప్పు నాదే."

కత్తెరలు ఆగాయి. అత్తమ్మ మాత్రం కంగారుగా నా కొంగు పట్టి కిందికి గుంజింది.

"పేరెందుకు చెప్పినవే పిచ్చిదానా? ఇగ వీళ్లు నిన్ను పోనియ్యరు!"