కొంగు చాటున తెల్లబడ్డ చెంప

మా చర్చి సంఘంలో ప్రార్థనప్పుడు ఏడ్చే మనిషిని ఎవరూ కదపరు. ఆమె దేవుడితో మాట్లాడుకుంటోంది, మధ్యలో మనం వెళ్ళకూడదు అంటారు. పుట్టినప్పటి నుంచీ నాకూ అదే అలవాటు. ఆ అలవాటే ఆ శుక్రవారం నా చెల్లెలి ముఖాన్ని తినేయబోయింది.

నా చెల్లెలు రూబీ గుడిలో పాటలు ఎత్తుతుంది. యాభై దాటాక దాని బుగ్గలు లోపలికి పోయాయి. ఆకలి బాగానే ఉంది, షుగరు లేదు, ఒళ్ళు మామూలుగానే ఉంది. ముఖం మాత్రం దిగిపోయింది. కళ్ళ కింద గుంటలు పడ్డాయి, నోటి పక్కన చర్మం జారింది. కనిపించిన ప్రతివాళ్ళూ అడగడమే.

"ఏటే రూబీ, టీబీ గానీ ఉన్నాదేటి? పరీక్ష సేయించుకున్నావా?"

ఒక ఆదివారం ఎవరో ప్రార్థన అంశాల్లో దాని పేరు కూడా చెప్పేశారు. లేని జబ్బు నయం కావాలని గుడంతా ప్రార్థించింది. అది కూడా "ఆమేన్" అంది. ఇంటికి వచ్చి అన్నం ముట్టలేదు.

ఆ శుక్రవారం అరసవల్లిలో కృపానిధి మాస్టారి ఇంట్లో ఉపవాస ప్రార్థన. రూబీ ఆలస్యంగా వచ్చి, కొంగు ముఖం మీదికి లాక్కుని నా పక్కన కూర్చుంది. పాట ఎత్తలేదు. ప్రార్థన మొదలైన కాసేపటికి మూలగడం మొదలుపెట్టింది.

"పరిశుద్దాత్మ తాకినాది. ఏడవనీ," అని నాకు ఇటుపక్క కూర్చున్న దాలమ్మ నా చెవిలో అంది.

నేనూ కళ్ళు మూసుకున్నాను. మూలుగు పెరిగింది. మాస్టారి గొంతూ పెరిగింది. రూబీ చెయ్యి వచ్చి నా మోకాలు పట్టుకుంది. ఆ పట్టులో ప్రార్థన లేదు. దాని ఏడుపు నాకు తెలుసు. ప్రార్థనలో ఏడిస్తే మాటలతో ఏడుస్తుంది. ఇందులో ఒక్క మాట కూడా లేదు.

కళ్ళు తెరిచి దాని కొంగు తీశాను.

ముక్కు పక్కన ఎడమ చెంప సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. దాని కింద వంకాయ రంగులో గీతలు వలలా పాకాయి.

"ఏటయిందే?"

"సూది ఏయించుకున్నానక్కా. బుగ్గ నిండతాదన్నారు."

"ఎవులు?"

దాని చూపు ముందు వరస మీదికి పోయింది. అక్కడ బ్యూటీ పార్లర్ నడిపే బేబీ తల తిప్పి మమ్మల్నే చూస్తోంది. ఆ ఇంట్లో కళ్ళు తెరిచి ఉన్నది మేము ముగ్గురమే.

రూబీని బయటికి నడిపించాను. బేబీ వెనకే వచ్చింది.

"వాపు పిన్నీ, అలాగే ఉంటాది. మంచుగడ్డ ఎట్టమన్నాను. రెండ్రోజులు పోతే బుగ్గ బూరెలాగ పొంగుతాది."

"బూరె ఇంత తెల్లగా ఉంటాదేటే?"

"అక్కా, కన్ను లాగేస్తన్నాది," అంది రూబీ.

బేబీ ముఖంలో రక్తం లేదు. "నానూ నేర్సుకునే సేసినాను పిన్నీ. ఇశాపట్నంలో సూపించినారు. ఇలాగవతాదని ఎవులూ సెప్పనేదు."

"ఏ మందు పొడిసినావో ఆ డబ్బా అట్టుకుని బేగి శీకాకుళం సర్మం డాక్టరమ్మ ఆస్పత్రికి రా. రాకపోతే మీ పార్లర్ ముందరే మంచం ఏసుకుంటాను."

గంగులు ఆటో ఎక్కాం. రూబీ కుడి కన్ను నా అరచేత్తో మూశాను.

"ఆ బోర్డు సదువు."

"మసగ్గా ఉన్నాదక్కా."

"సదవ్వే!"

మా ఆయన పోయాక పాటల పుస్తకం ముందు పెట్టి నాకు అక్షరాలు నేర్పింది అదే. ఒత్తు దగ్గర ఆగితే నెత్తి మీద మొట్టేది. ఇప్పుడు మందుల షాపు బోర్డు దగ్గర అదే ఆగిపోయింది. తర్వాత టైర్ల షాపు వచ్చింది. కూడబలుక్కుని చదివింది. నీళ్ళు నిండి మసకో, చూపే పోతోందో నాకు తెలియలేదు.

శ్రీకాకుళంలో చర్మం డాక్టరమ్మ మహతి గారు చెంప చూడగానే కుర్చీలోంచి లేచారు. ముందు కన్ను పరీక్ష చేశారు.

"చూపు ఉంది. కానీ జెల్లు రక్తనాళంలోకి పోయింది. చెంపకి రక్తం అందడం లేదు. ఇలాగే వదిలేస్తే చర్మం చచ్చిపోతుంది. ఏం వేశారు?"

"తెల్దమ్మా. డబ్బా తెస్తానన్నాది."

"ఈ మందుల్లో కరిగించగలిగేవి ఉన్నాయి. చర్మాన్ని మెల్లగా నింపే రకాలూ ఉన్నాయి, వాటిని కరిగించలేం. ఇదేదో తెలిసేదాకా ఆగే వ్యవధి లేదు. కరిగే రకమే అనుకుని కరిగించే మందు వేస్తాను."

"కాకపోతే?"

ఆవిడ అప్పటికే సిరంజి నింపుతున్నారు. చెంప నిండా సూదులు వేశారు. రూబీ నా చెయ్యి కొరికినంత పని చేసింది.

గోరువెచ్చని గుడ్డ పెడుతూ ఉండమన్నారు. "మధ్యమధ్యలో వేలితో నొక్కి వదలండి. రంగు తిరిగి రావాలి."

నొక్కాను. వదిలాను. తెలుపు తెలుపులాగే ఉండిపోయింది. మళ్ళీ నొక్కాను. అదే తెలుపు.

తలుపు తోసుకుని బేబీ వచ్చింది. పారిపోతుందనుకున్నాను. చెప్పులు కూడా లేవు కాళ్ళకి. డబ్బా చూసి డాక్టరమ్మ ఊపిరి వదిలారు. "కరిగే రకమే." ఇంకో విడత మందు వేశారు. అప్పుడు బేబీతో, "ఈ సూదులు నేనూ వేస్తాను. బుగ్గలు నింపుకోవడం తప్పు కాదు. నాళం ఎక్కడుందో తెలియకుండా గుచ్చడం తప్పు," అన్నారు. బేబీ గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయింది.

నేను నొక్కుతూనే ఉన్నాను. వేలు తీసిన ప్రతిసారీ భయపడుతూ చూశాను.

"అక్కా, ఆ గోరు తీయించుకో. సూదే నయం," అంది రూబీ.

అప్పుడే వేలి కింద నుంచి ఎరుపు మెల్లగా, నీళ్ళు ఇంకినట్టు, అంచుల నుంచి లోపలికి వచ్చింది. ఆ ఎరుపు నమ్మలేక మళ్ళీ నొక్కాను. మళ్ళీ వచ్చింది.

చివరికి ముక్కు పక్కన చింతగింజంత చోట మాత్రం చర్మం పోయి మచ్చ పడింది. బుగ్గలు మళ్ళీ లోపలికే ఉన్నాయి.

ఈ మధ్య ఒక శుక్రవారం ప్రార్థనలో దాలమ్మ ఏడవడం మొదలుపెట్టింది. వెళ్ళి ఆమె కొంగు తీసి చూశాను.

"ఏటమ్మా? ఎక్కడ నొప్పి?"

"దేవుడితో మాటాడుతుంటే మద్దిన నీకేటే!" అని కసిరింది దాలమ్మ.

రూబీ నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వినప్పుడు ఆ మచ్చ ముడుచుకుంది. మాస్టారు గొంతు సవరించుకుని మళ్ళీ మొదలుపెట్టారు. అందరూ కళ్ళు మూసుకున్నారు.

నేను మూసుకోలేదు.