బాండీ కింద ఆఖరి పేజీ

మూడో ప్రూఫు దిద్ది ప్రెస్సుకు పంపేటప్పుడు రచయిత్రి ఒక్క కాగితం ఇంట్లోనే ఉంచేసుకుంది. రెండువందల పన్నెండో పేజీ, నవలకు ఆఖరిది. గిన్నెల అలమరలో పరిచిన పాత పేపరు కింద దాన్ని దాచి, పైన పెద్ద బాండీ బోర్లించింది. ఆ ఇంట్లో బాండీ ఎత్తే నాథుడు తను తప్ప వేరే లేడు కనుక అంతకన్నా గట్టి తాళం అక్కర్లేదు.

నాలుగేళ్లుగా, వాళ్లాయన ఆఫీసుకు వెళ్లిన పావుగంటకల్లా, భోజనాల బల్ల దగ్గర ఎదురు కుర్చీలో కౌంటరావిడ వచ్చి కూర్చునేది. కౌంటరావిడంటే నవలలో మనిషి. ముప్ఫై ఏళ్లు సినిమాహాల్లో టికెట్లు అమ్మి, ఒక్క సినిమా కూడా చివరిదాకా చూడని మహాతల్లి. నోరు మంచిది కాదు గానీ తోడుకు మాత్రం బంగారం.

ఒకసారి కాఫీ ఇస్తూ రచయిత్రి పరధ్యానంగా, "పాపం, ఆవిడకి మోకాలి నొప్పి తగ్గనేలేదండీ," అనేసింది.

"ఎవరికి? పక్కింటావిడకా?" అన్నాడాయన, పేపర్లోంచి తలెత్తకుండా.

"ఆఁ," అంది. అప్పట్నుంచి వారానికోసారి ఆయన ఆ మోకాలి క్షేమం కనుక్కుంటూనే ఉన్నాడు. పక్కింటావిడ మాత్రం నిక్షేపంగా మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతోంది.

ప్రూఫులు పంపిన రోజు చెల్లెలు ఫోనులో ఆటపట్టించింది. "ఏంటక్కా, పిల్లని అత్తారింటికి పంపినట్టు ఆ గొంతేంటి?"

"పిల్లయితే ఫోనన్నా చేస్తుందే."

మర్నాడు ప్రెస్సు మేనేజరు చేశాడు. "మేడమ్, ఆఖరి పేజీ రాలేదండి."

"అయ్యో, అలాగా? వెతుకుతాను."

బాండీ కేసి చూస్తూ రెండు రోజులు వెతికింది. మూడోనాడు ఫోను మళ్లీ మోగింది.

"మేడమ్, మిషను ఖాళీగా పెట్టుకుని కూర్చున్నాం. మీకెందుకు శ్రమ, మా దగ్గరున్న పాత పేజీయే వేసేస్తాం లెండి."

పాత పేజీలో, హాలు మూతపడిన రోజున, కౌంటరావిడ రోడ్డుదాకా నడిచి, ఆగి, వెనక్కి తిరిగి చూస్తుంది. అది అబద్ధమని మూడో ప్రూఫులో గానీ తెలియలేదు. అలాంటి మనిషి వెనక్కి చూడదు. ఆ వాక్యం కొట్టేసిన కాగితమే బాండీ కింద ఉంది. ఇవ్వకపోతే, ఎన్ని కాపీలు అచ్చయితే అన్ని రోడ్ల మీద ఆవిడ మెడ తిప్పుకుని నిలబడిపోతుంది. అదీ, ఆవిడని వదల్లేని తన కోసం.

"ఉండండి, దొరికింది," అంది, అలమర దగ్గరికైనా వెళ్లకుండా. "చివరి వాక్యం కొట్టెయ్యండి."

"వెనక్కి తిరిగి చూసింది, అన్నదాండి?"

"అదే."

"అయ్యో, మా ప్రూఫులు చూసే అమ్మాయి అక్కడే కళ్లు తుడుచుకుందండి. అయితే చూడదా?"

"చూడదు బాబూ."

"సరే మేడమ్. మధ్యాహ్నానికల్లా మిషనెక్కించేస్తాం."

బాండీ ఎత్తి చూస్తే కాగితానికి నూనె మరక. ఇక దానితో ఎవరికీ పని లేదు. మళ్లీ అక్కడే పరిచి, వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. పదకొండయింది. పన్నెండయింది. ఎదురు కుర్చీ ఉత్త కుర్చీలాగే ఉంది.

సాయంత్రం ఆయన బూట్లు విప్పుకుంటూ, "పక్కింటావిడ మోకాలెలా ఉంది?" అన్నాడు.

"వెళ్లిపోయిందండీ."

"ఎక్కడికి? చెప్పకుండానే?"

"చెప్పలేదు. వెనక్కి కూడా చూళ్లేదు."

"పోన్లే," అన్నాడాయన తృప్తిగా. "అయితే మోకాలు తగ్గినట్టే."